నిస్సాన్ కుంగితే నిస్మో గతేంటి? (జడ్ నిస్మో కొనేముందు ఒక సందేహం)

#1 క్లచ్‌ప్లేట్ (డల్లాస్)

అందరికీ నమస్కారం. ఏళ్ల తరబడి ఇక్కడ చదివి చప్పుడు చేయకుండా వెళ్లిపోయే బాపతు నేను. థ్రెడ్ మొదలుపెట్టడం ఇదే మొదటిసారి, తప్పులుంటే మన్నించండి.

జడ్ నిస్మో కొందామని ఏడాదిగా డబ్బులు వెనకేస్తున్నాను. జడ్ అంటే నిస్సాన్ స్పోర్ట్స్ కారు, నిస్మో అంటే వాళ్ల రేసుల, పెర్ఫార్మెన్స్ విభాగం. ఆ విభాగం పదునుపెట్టిన జడ్ ఇది. 3 లీటర్ల ట్విన్ టర్బో వీ6, 420 హార్స్‌పవర్, రికారో సీట్లు. 2024 మోడల్‌గా వచ్చినప్పుడు ధర 65 వేల డాలర్లకి కాస్త అటూఇటూ. ఇంట్లో ఒప్పించడానికే ఎనిమిది నెలలు పట్టింది. తీరా సంతకం పెట్టే వేళకి మా ఆవిడ ఫోన్లో వార్త చూపించింది. మార్చి 2025తో ముగిసిన ఏడాదికి నిస్సాన్ నష్టం 67 వేల కోట్ల యెన్లు. 20 వేల ఉద్యోగాల కోత. 17 ఫ్యాక్టరీలు 10కి దిగుతాయట. "వాళ్ల జీతాలకే దిక్కులేదు, నీ స్పోర్ట్స్ కారుకి పదేళ్లు స్పేర్ పార్టులు ఎవరిస్తారు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

కంపెనీ ఇలా ఉన్నప్పుడు ముందు కత్తి పడేది ఇలాంటి విభాగం మీదే కదా? తెలిసినవాళ్లు చెప్పండి.

#2 ఆర్34 పిచ్చోడు (హైదరాబాద్)

అన్నా, నిస్మోని ఎవడూ మూయలేడు. నిస్సాన్ అంటే జనానికి గుర్తున్నదే జీటీ-ఆర్, జడ్ అనే ఈ రెండు స్పోర్ట్స్ కార్లు. అవి తీసేస్తే ఇంకేం మిగులుద్ది? కళ్లు మూసుకుని కొనెయ్.

#3 ఆటోనగర్ నాలుగో లైను (విజయవాడ)

కళ్లు మూసుకుని కొనమనేవాడు ఈఎంఐ కూడా కడతాడేమో కనుక్కోండి ముందు.

#4 లెక్కల మాస్టారు (గుంటూరు)

క్లచ్‌ప్లేట్ గారూ, మీ ఆవిడ అడిగిన ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. నిస్మో ఉంటుందా అనేది ఒకటి, పార్టులు దొరుకుతాయా అనేది ఇంకొకటి. ఈ రెండూ కలిపేస్తే జవాబు తేలదు. మొదటి దానికి నాకు తెలిసింది చెబుతాను. రెండోది ఆటోనగర్ వారి శాఖ.

నిస్మో 1984లో పుట్టింది, రేసుల కోసం నిస్సాన్ పెట్టిన వేరే కంపెనీగా. ఇప్పుడు ఆ కంపెనీ విడిగా లేదు. 2022 ఏప్రిల్‌లో దాన్ని ఆటెక్‌తో కలిపి నిస్సాన్ మోటర్‌స్పోర్ట్స్ అండ్ కస్టమైజింగ్ అనే ఒకే సంస్థ చేశారు. ఆటెక్ సంగతి మనవాళ్లకి అంతగా తెలియదు. జీటీ-ఆర్‌కి మూలమైన స్కైలైన్ కారుకి పితామహుడని జపాన్‌లో చెప్పుకునే షినిచిరో సకురాయ్ దానికి తొలి అధ్యక్షుడు, 1986లో. వాళ్ల పని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మామూలు బండిని ప్రత్యేక అవసరానికి మార్చడం. అంబులెన్సులు, వీల్‌చైర్ ఎక్కించే బళ్లు కూడా అందులోవే. అంటే మనం నెత్తిన పెట్టుకునే నిస్మో ఇవాళ అంబులెన్సులతో ఒకే పద్దుల పుస్తకంలో ఉంది. ఎగతాళికి చెప్పట్లేదు. రేసు ఓడినా గెలిచినా అంబులెన్సు ఆర్డరు ఆగదు. ఆ గొడుగు కింద ఉండటం నిస్మోకి మంచిదే అనుకుంటాను.

ఇక కంపెనీకి ఈ గతి పట్టడం కొత్త కాదు. 1999లో అప్పుల్లో పీకల్దాకా మునిగితే ఫ్రాన్స్ కార్ల కంపెనీ రెనో వచ్చి పట్టుకుంది. రెనో పంపిన కార్లోస్ ఘోన్ ఆ అక్టోబరులో ప్రకటించిన ప్రణాళికలో 21 వేల ఉద్యోగాలు పోయాయి. మూసిన ఫ్యాక్టరీల్లో మురయామ ఒకటి, సాక్షాత్తూ స్కైలైన్ కట్టిన ఫ్యాక్టరీ. ఆర్34 జీటీ-ఆర్ 2002లో ఆగిపోయింది. అందరూ అయిపోయిందనుకున్నారు. 2007 చివర్లో తర్వాతి తరం జీటీ-ఆర్, ఆర్35 వచ్చింది. అంటే ఐదేళ్ల ఖాళీ. ఇప్పుడు ఆర్35 కూడా 2025 ఆగస్టు 26న తొచిగి ఫ్యాక్టరీలో ఆగింది, 18 ఏళ్లలో దాదాపు 48 వేల బళ్లు కట్టాక. ఆ పేరు ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వస్తుందని కొత్త సీఈఓ ఇవాన్ ఎస్పినోసా అన్నారు. ఎప్పుడన్నది అనలేదు.

అప్పటికీ ఇప్పటికీ ఒక్క తేడా. 1999లో డబ్బు పట్టుకుని రెనో వచ్చింది. ఈసారి హోండాతో విలీనం మాటలు 2024 డిసెంబరులో మొదలై 2025 ఫిబ్రవరిలోనే తెగిపోయాయి. చెయ్యిచ్చి లాగేవాడు ఇంకా కనబడలేదు.

#5 ఆర్34 పిచ్చోడు (హైదరాబాద్)

మాస్టారూ, ఆర్35 ఇంజన్ల మీద కట్టినాయన పేరుతో చిన్న అల్యూమినియం ప్లేటు ఉంటది, తెలుసా? తకుమి అంటారు వాళ్లని. యొకొహామాలో తొమ్మిది మందే. ఒక ఇంజన్ మొత్తం ఒక్కరే చేత్తో కట్టేటోళ్లు. గట్లాంటి పని ఏ లెక్కల పుస్తకంల రాస్తరు చెప్పండి?

#6 లెక్కల మాస్టారు (గుంటూరు)

జీతాల పద్దులో, నాయనా.

#7 యాదగిరి (యొకొహామా)

ఏడేండ్ల సంది ఇక్కడ్నే ఉంటున్న, సాఫ్ట్‌వేర్ పని. నిస్మో ఆఫీసు త్సురుమిల ఉంటది, మా ఇంటికెళ్లి రైల్ల అర్ధగంట. కింద షోరూం, పాత రేసు కార్లు పెడ్తరు, టికెట్ లేదు. పిల్లలు ఎక్కువొస్తరు. దాని పక్కన్నే వర్క్‌షాపు. పేరు మాత్రం ఇప్పటికీ ఓమొరి ఫ్యాక్టరీయే. ముందు టోక్యో ఓమొరిల ఉండె, 2013ల ఇటు వచ్చిన్రు, పేరు మార్చలేదు.

పోయిన నెల మా బామ్మర్ది హైదరాబాద్ నుంచి వస్తే తీస్కపోయిన. బూడిద రంగు ఆర్32, అంటే పాత తరం జీటీ-ఆర్, ఒకటి లిఫ్ట్ మీద ఉండె. మెకానిక్‌కు యాభై దాటినట్టుంది. విప్పిన బోల్టులు ట్రేల వరుసగ పెడ్తుండు. ఏ బోల్టు ఏ రంధ్రం నుంచి వచ్చిందో అదే వరుస. మళ్ల బిగించినంక ఒక్కొక్క దాని మీద తెల్ల మార్కర్‌తోని గీత కొడ్తుండు. మేము ఇరవై నిమిషాలు నిల్సున్నం, ఆయన పది బోల్టులు కూడ దాటలే. బామ్మర్ది అడిగిండు, "బావా, దీనికి గంటకు ఎంత తీస్కుంటరు?" అని. నేను జెప్పలే, కండ్లు తిరిగి పడ్తడని.

పార్టుల మాటకొస్తే, 2017ల నిస్మో హెరిటేజ్ అని మొదలువెట్టిన్రు. ఆగిపోయిన ఆర్32 పార్టులు మళ్ల కొత్తగ చేసి అమ్ముడు. తర్వాత ఆర్33, ఆర్34 కూడ కలిపిన్రు. 1989ల వచ్చిన బండికి కంపెనీయే పార్టులు చేస్తుందంటే చిన్న మాట గాదు.

కని బయట గాలి మంచిగ లేదు. ఒప్పామ ఫ్యాక్టరీ 1961 నుంచి నడుస్తుంది, మార్చి 2028 నాటికి అండ్ల బండ్లు కట్టుడు బంద్. ఆ పని క్యూషుకు పోతది. స్టేషన్ దగ్గరి హెడ్డాఫీసు 9,700 కోట్ల యెన్లకు అమ్ముకొని, అదే బిల్డింగ్ల కిరాయికి ఉంటున్రు. రోజూ దాని ముందు నుంచే పోత. బోర్డు అట్లనే ఉంది, లైట్లు అట్లనే ఉన్నయ్. సొంతింట్ల కిరాయిదారు అంటే ఏందో గప్పుడు సమజైంది.

#8 నైట్ షిఫ్ట్ (ఒరగడం)

మాది సూళ్లూరుపేట దగ్గర. చెన్నై పక్కన ఒరగడంలో కార్ల వైరింగ్ చేసే ఒక చిన్న కంపెనీలో పదేళ్లుగా ఉన్నా. పేరు వద్దులే.

మీరంతా తకుమి గురించి మాట్లాడుకుంటన్నారు, బాగుంది. ఇక్కడి సంగతి కూడా వినండి. 2025 మార్చి చివర్లో ఒక ప్రకటన వచ్చింది. ఇక్కడి ఉమ్మడి ఫ్యాక్టరీలో నిస్సాన్‌కి ఉన్న 51 శాతం రెనో తీసేసుకుంటదని. నిస్సాన్ మాగ్నైట్ ఇక్కడే కడతారు, ఎగుమతి కూడా అవుద్ది. అంటే నిస్సాన్ ఇప్పుడు రెనో ఇంట్లో తన కారు కట్టించుకుంటంది. యాదగిరన్న చెప్పిన కిరాయి కథే.

ఆ వార్త వచ్చిన రోజు మా షిఫ్టులో ఎవరూ జీటీ-ఆర్ గురించి మాట్లాడలా. ఓవర్‌టైం ఉంటదా ఉండదా, అదే మాట. 20 వేల మందిని తీసేస్తా రేసు టీముకి డబ్బులు పెడితే, తీసేసినోడికి ఎట్టుంటది? ఎవరైనా జవాబు చెప్పండయ్యా.

#9 ఆర్34 పిచ్చోడు (హైదరాబాద్)

అన్నా, రేసు టీము ఖర్చు ఆపితే 20 వేల ఉద్యోగాలు మిగుల్తయా? బండ్లు అమ్ముడుపోక గదా నష్టం. అమెరికాల అందరూ హైబ్రిడ్ కొంటుంటే వీళ్ల దగ్గర హైబ్రిడ్ లేకపాయె. అది నిస్మో తప్పా? 2025ల ఫార్ములా ఈ, అంటే కరెంటు కార్ల రేసుల డ్రైవర్ టైటిల్ ఆలివర్ రోలండ్ గెలిచిండు, నిస్సాన్ కార్లనే. కంపెనీకి ఆ ఏడాది వచ్చిన మంచి వార్త అదొక్కటే.

#10 నైట్ షిఫ్ట్ (ఒరగడం)

తమ్ముడూ, గెలిచినా మా క్యాంటీన్లో టీవీ ఆన్ చెయ్యలా. నీకు కోపం తెప్పించాలని కాదు.

#11 ఆటోనగర్ నాలుగో లైను (విజయవాడ)

రేసుల మీద డబ్బు తగలేయడమంటే 2015 లె మాన్స్ 24 గంటల రేసు గుర్తు రావాలండి. అందులో నిస్సాన్ దించిన కారు జీటీ-ఆర్ ఎల్‌ఎం నిస్మో. అందరూ ఇంజను వెనకాల పెడితే వీళ్లు ముందు పెట్టి, ముందు చక్రాలు తిప్పారు. అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్‌లో యాడ్ కూడా వేశారు. మూడు కార్లు దించితే ఒక్కటీ ఫలితాల పట్టికలోకి ఎక్కలేదు. డిసెంబరుకల్లా దుకాణం కట్టేశారు. కొత్తగా ఆలోచించడం తప్పు కాదనుకోండి. యాడ్ ముందు, కారు తర్వాత అయితే అలాగే ఉంటది.

#12 గేర్‌బాక్స్ (మోడరేటర్)

8, 9, 10 పోస్టులు వేడెక్కుతున్నట్టున్నాయి. ఇద్దరి మాటా విలువైనదే, తీసేయట్లేదు. మర్యాద తప్పకండి.

#13 హోల్డెన్ మామ (మెల్‌బోర్న్)

ఇంతదాకా ఊరికే చదువుతున్నాను. ఇక ఆగలేక రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

నేనిక్కడికి వచ్చింది 2006లో. మెల్‌బోర్న్‌లో అప్పుడు మగాళ్లలో రెండే కులాలు, హోల్డెన్, ఫోర్డ్. పెళ్లి సంబంధం తప్ప మిగతా అన్నిటికీ అదే అడిగేవాళ్లు. హోల్డెన్‌కి మీ నిస్మోలాంటిది హెచ్‌ఎస్‌వీ. 1987లో టామ్ వాకిన్‌షాతో కలిసి పెట్టారు. హోల్డెన్ కమొడోర్ కారు తీసుకుని, పెద్ద వీ8 ఇంజను దూర్చి, బ్రేకులూ సస్పెన్షనూ తిరగరాసేవారు.

హోల్డెన్ యజమాని జీఎం ఇక్కడ కార్లు కట్టడం ఆపేస్తానన్నప్పుడు అందరూ ఇదే ప్రశ్న వేశారు, హెచ్‌ఎస్‌వీ ఏమవుతుందని. కంపెనీ మాత్రం "కొనసాగుతుంది" అనే చెప్పింది. అబద్ధం కాదు, నిజంగానే కొనసాగింది. అడిలైడ్ పక్కన ఎలిజబెత్ ఫ్యాక్టరీ 2017 అక్టోబరు 20న మూతపడింది. దానికి కాస్త ముందు హెచ్‌ఎస్‌వీ తన జీవితంలోకెల్లా గట్టి కారు దించింది, డబ్ల్యూ1, 474 కిలోవాట్లు. ఆరిపోయే ముందు దీపం వెలిగినట్టు. తర్వాత వాళ్లు చేసిన పనేంటో తెలుసా? అమెరికా నుంచి కమారోలు, సిల్వరాడో ట్రక్కులు తెప్పించి స్టీరింగ్ ఎడమ నుంచి కుడికి మార్చడం. కష్టమైన పనే. డ్యాష్‌బోర్డు దగ్గర్నుంచి స్టీరింగ్ ర్యాక్ దాకా అన్నీ అద్దంలో చూసినట్టు తిరగేయాలి. కానీ అది కారుని వేగంగా పరుగెత్తించే విద్య కాదు. 2020 ఫిబ్రవరిలో జీఎం హోల్డెన్ పేరునే తీసేసింది. హెచ్‌ఎస్‌వీ చోట జీఎంఎస్‌వీ వచ్చింది.

అప్పట్లో మా వీధి చివర ఒకాయన ఉండేవాడు, సస్పెన్షన్ ట్యూనింగే వృత్తి. వీళ్లకీ చేశాడు, వేరేవాళ్లకీ చేశాడు. స్ప్రింగు మార్చి, అదే మలుపులో నలభైసార్లు తిప్పి, నడుముకి ఎలా తగిలిందో నోటుపుస్తకంలో రాసుకునేవాడు. తర్వాత గనుల్లో ట్రక్కుల కంపెనీకి వెళ్లిపోయాడు. పుస్తకాలు గరాజ్‌లో అట్టపెట్టెలో ఉన్నాయి, ఒకసారి చూపించాడు.

కాబట్టి క్లచ్‌ప్లేట్ బాబూ, నిస్మో అనే పేరు పోతుందా అని నువ్వు భయపడక్కర్లేదు. పేరు నిలబెట్టడానికి పైసా ఖర్చు కాదు, ఎర్ర గీత ఉన్న స్టిక్కరు చాలు. ఖర్చయ్యేది టెస్ట్ ట్రాక్ మీద గంటలకి, అరిగిన టైర్లకి, ఆ నోటుపుస్తకం రాసే మనిషికి. డబ్బు లేనప్పుడు పోయేది అదే. అది పోయిందని ఎవరూ ప్రకటన ఇవ్వరు.

#14 లెక్కల మాస్టారు (గుంటూరు)

మామగారి మాటకి ఇప్పుడే రుజువు కనబడుతోంది. నిస్మో రోడ్డు కార్లు 5 రకాల నుంచి 10కి పెంచుతామని కంపెనీ చెప్పింది. నష్టాల్లో ఉన్న కంపెనీ పెర్ఫార్మెన్స్ విభాగాన్ని మూయకుండా రెట్టింపు చేస్తోందేంటి? మామూలు బండికి బంపరు, చక్రాలు, సస్పెన్షన్ సవరణ, ఎర్ర గీత కలిపితే ధర పెంచి అమ్మొచ్చు. కొత్త కారు పుట్టించే ఖర్చుతో పోలిస్తే ఇది చిల్లర. ఎక్స్-ట్రయల్ నిస్మో, పాట్రోల్ నిస్మో, అమెరికాలో అర్మాడా నిస్మో వచ్చింది అలాగే.

#15 ఆర్34 పిచ్చోడు (హైదరాబాద్)

అర్మాడా! మూడు వరసల సీట్ల ఏనుగుకి నిస్మో అని రాస్తే ఎట్ల మాస్టారూ.

#16 పెనుకొండ బుల్లోడు (అనంతపురం)

మా పక్కన కియాలో కట్టే సెల్టోస్‌కి జీటీ లైన్ అని ఉంటది. హ్యుందాయ్ ఐ20కి ఎన్ లైన్. అసలు స్పోర్ట్స్ కారు ఎన్ వేరే, పైపై సోకుల ఎన్ లైన్ వేరే అని మా మామకి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. "ఎర్ర కుట్టు ఉండాది కదరా, ఇంకేం గావల్ల" అంటాడు. కొనేవాడికి అది చాలునంటే కంపెనీ ఎందుకు ఎక్కువ పెడతాది సార్?

#17 ర్యాలీ రాజు (కోయంబత్తూరు)

మిత్సుబిషి వాళ్ల నిస్మోలాంటి ర్యాలియార్ట్ మరిచారా? మిత్సుబిషికి 1996 నుంచి 1999 వరకు టామీ మాకినెన్ వరసగా నాలుగు ప్రపంచ ర్యాలీ టైటిళ్లు తెచ్చాడు. లోపాలు దాచిపెట్టిన గొడవ 2000లో ఒకసారి, 2004లో మళ్లీ బయటపడి కంపెనీ కుదేలైంది. 2010లో ర్యాలియార్ట్ పని ఆపేసింది. వాళ్ల స్పోర్ట్స్ కారు లాన్సర్ ఎవో 2016కల్లా అయిపోయింది. 2021లో పేరు బతికించారు, పికప్‌లకీ ఎస్‌యూవీలకీ అలంకారంగా. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. 2022లో అదే పేరుతో ట్రైటన్ పికప్ ఏసియా క్రాస్ కంట్రీ ర్యాలీ గెలిచింది. స్టిక్కరుగా వచ్చి మళ్లీ బురదలో దిగింది. మామగారి లెక్కకి ఇది చిన్న మినహాయింపు.

#18 క్లచ్‌ప్లేట్ (డల్లాస్)

ఇక్కడ కూడా ఒక మినహాయింపు ఉంది. డాడ్జ్ వాళ్ల పెర్ఫార్మెన్స్ విభాగం ఎస్‌ఆర్‌టీ. 2021లో ఆ ఇంజనీర్ల బృందాన్ని విడగొట్టి మాతృసంస్థ స్టెలాంటిస్‌లో తలోచోట సర్దేశారు. బళ్ల మీద అక్షరాలు మాత్రం ఉన్నాయి. 2025 జూలైలో అంతకుముందు డాడ్జ్‌ని నడిపిన టిమ్ కునిస్కిస్ చేతికి అప్పగించి మళ్లీ ఒక బృందంగా నిలబెడుతున్నామన్నారు. మామగారు చెప్పిన నోటుపుస్తకం వాళ్లు ఇంకా కంపెనీలోనే ఉన్నారు కాబట్టి కుదిరింది అనుకుంటా. గనులకి వెళ్లిపోలేదు.

#19 యాదగిరి (యొకొహామా)

గదే అసలు ముచ్చట. నిస్మోల నేను చూసిన ఆ పెద్దమనిషి ఇంకా బోల్టులు వరుసగ పెడ్తుండు. ఆయన రిటైరైతే పక్కన పిల్లగాడు నేర్చుకుంటుండా లేదా, అది నాకు కనవడలే. ఆ రోజు ఆయన ఒక్కడే ఉండె. ఆదివారం కావట్టి కూడ కావచ్చు.

#20 ఆటోనగర్ నాలుగో లైను (విజయవాడ)

ఇక నా శాఖకి రండి. క్లచ్‌ప్లేట్ గారూ, మీరు భయపడాల్సింది ఇంజను గురించి కాదండి. ఆ వీ6, వీఆర్30 అంటారు, 2016 నుంచి ఇన్ఫినిటీ క్యూ50, క్యూ60ల్లో ఉంది. మామూలు జడ్‌లోనూ అదే. మీ దేశంలో తుక్కు యార్డుల్లో కూడా దొరుకుద్ది. కారు అడుగు చట్రం కూడా పాత 370జడ్ దగ్గర్నుంచి వచ్చిందే.

ప్రాణం తీసేది ప్లాస్టిక్. నా దగ్గరొక పాత సెడాన్ ఉంది. కంపెనీ పేరు చెప్పను, దేశం వదిలేసి వెళ్లింది. ఇంజను బంగారం. కుడివైపు హెడ్‌ల్యాంపు చెవి విరిగింది, అగ్గిపెట్టంత ముక్క. అది విడిగా రాదు, ల్యాంపు మొత్తం కొనాలి, ల్యాంపు లేదు. ఆటోనగర్ మొత్తం తిరిగి, చివరికి మా లేత్ కుర్రాడు అల్యూమినియం పట్టీ వంచి స్క్రూ బిగించి ఇచ్చాడు. రెండొందలు తీసుకున్నాడు. మీకు డల్లాస్‌లో లేత్ కుర్రాడు ఎక్కడ దొరుకుతాడు?

జడ్ నిస్మోకి విడిగా ఉన్నవేంటో రాసుకోండి. ముందుకి పొడుచుకొచ్చిన ఆ ముక్కు బంపరు, రేస్ (Rays) అనే కంపెనీ చేసిన 19 అంగుళాల చక్రాలు, పెద్ద బ్రేకు డిస్కులు, సీట్లు. చక్రాలు, టైర్లు, డిస్కులు బయట కూడా చేస్తారు. టైర్లు డన్‌లప్, కంపెనీ పోయినా రబ్బరు పోదు. మిగిలేది బంపరు. పార్టుల కౌంటరుకి వెళ్లి బంపరు స్టాకు ఉందా, ధరెంత అని అడగండి. అదే మీ జాతకం. కంపెనీ బ్యాలెన్సు షీటు కన్నా అది నయం.

గేరు మాత్రం ఆటోమేటిక్ ఒక్కటే ఇచ్చారు 2024లో. అది తలచుకుంటే నాకు కడుపు మండుద్ది, అది వేరే విషయం.

#21 నైట్ షిఫ్ట్ (ఒరగడం)

ఆటోనగర్ అన్న చెప్పింది నిజం. వైరింగ్ కూడా అడుగు క్లచ్‌ప్లేట్ అన్నా. బంపర్ వెనకాల సెన్సార్ల వైరు వేరే నంబరు ఉందేమో చూడు. మోడల్ ఆగిపోతే మా దగ్గర ముందు పీకేది ఆ బోర్డునే, వైర్లు పరిచి కట్టే చెక్క బోర్డు. జాగా కావాలి కదా. అది పీకినాక అదే వైరు మళ్లీ కట్టాలంటే ఎవరికీ ఓపిక ఉండదు.

#22 క్లచ్‌ప్లేట్ (డల్లాస్)

అందరికీ థ్యాంక్స్. నిన్న సాయంత్రం వెళ్లి అడిగాను. కౌంటర్లో కుర్రాడు పది నిమిషాలు కంప్యూటర్లో వెతికాడు. బంపరు ఉంది, రంగు వేయకుండా వస్తుందట. వైరు సంగతి అడిగితే నా మొహం వింతగా చూసి లోపలికెళ్లి వాళ్ల పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. వేరే నంబరే, నైట్ షిఫ్ట్ అన్నా. అది కూడా ఉంది.

ధర విని బయటికొచ్చి కారులో కాసేపు కూర్చున్నాను. తర్వాత మా ఆవిడకి ఈ థ్రెడ్ మొదట్నుంచీ చదివి వినిపించాను. అంబులెన్సుల దగ్గర నవ్వింది, నోటుపుస్తకాల పెట్టె దగ్గర ఏమీ అనలేదు. సంతకం ఇంకా పెట్టలేదు. శనివారం టెస్ట్ డ్రైవ్. స్టీరింగ్ ముందు కూర్చునేది నేను కాదట.

#23 ఆటోనగర్ నాలుగో లైను (విజయవాడ)

అయితే కొన్నట్టేనండి. బంపరు రెండు తీసుకోండి.